పద్నాలుగు

గురువారం తలుపును ముందు గాలి తోసింది,
దాని వెనక ఎదువిహిస్ ఓయర్సున్.
బూట్లకి ఊబినేల బురద, చంకలో పదోన్నతి ఫారం.
పుంత అరేనస్‌లో గ్రంథాలయం నడపడమంటే
సగం పుస్తకాలు సర్దడం, సగం కిటికీలు మూయడం.

"నా అంకె కావాలి నోల్బెర్తో, రేపే గడువు" అంది
పచారీ కొట్లో ఉప్పడిగినట్టు.
ఏడాదికొక మిల్లీమీటరు పేరుకునే నాచును
ముప్పయ్యేళ్ళుగా చదువుతున్న మనిషికి
శుక్రవారం గడువు.

మొదటి డేటాబేస్ పదకొండంది.
రెండోది పదమూడు.
వలలో పడ్డదల్లా చేపేననుకునే మూడోది
పందొమ్మిది అంది.
ఎవరూ అబద్ధమాడలేదు.
ఒకదానికి మా స్పానిష్ పత్రికలు ఆనవు,
ఇంకోదానికి పుస్తకాల్లో అధ్యాయాలు కనపడవు.
ఎవరి గుమ్మంలోంచి కనిపించింది వాళ్ళు చెప్పారు.

"పందొమ్మిది వేసెయ్."

నేను జాబితాని కిందికి జరుపుతూ పోయాను.
నాచు, నీటిమట్టం, నాచు, మళ్ళీ నాచు,
ఉన్నట్టుండి పంటి చిగుళ్ళు!
ఎక్కడో కొన్సెప్సియోన్‌లో ఇంకో ఎ. ఓయర్సున్,
ఎవరో దంతవైద్యుడు,
అతని చిగుళ్ళు ఈమె ఊబిలో మొలిచాయి.
చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం ఒక ఎత్తు,
ఇక్కడ పక్కవాడి కాయలు
వాటంతటవే మన బుట్టలోకి దొర్లాయి.

"ఎవరు చూడొచ్చారు?" అంది మెల్లగా.
నేనేమీ అనలేదు. పైన రేకు ఒకటే కొట్టుకుంటోంది.
కాసేపటికి మౌస్ తనే లాక్కుంది.
తొమ్మిది వ్యాసాలు, తొమ్మిది నొక్కులు.
పందొమ్మిది పద్నాలుగైంది.
"పన్ను పీకించుకున్నట్టుంది" అని
దవడ తడుముకుంది.

ఆపైన ఇంకా చూడబుద్ధయింది ఇద్దరికీ.
అందరికంటే ఎక్కువసార్లు ఉదహరించిన వ్యాసం, నూటపన్నెండు.
ఆ నూటపన్నెండులో కొన్ని తెరిచాం:
"ఓయర్సున్ ఇక్కడ పొరబడింది."
"ఓయర్సున్ అన్నదానికి భిన్నంగా."
పొగిడినా ఒకటే, తిట్టినా ఒకటే,
చదవకుండా తలూపి వెళ్ళినా ఒకటే.
ముప్పైరెండు చోట్ల తనని తనే తలచుకుంది.
నిరుడు తవ్విన గుంట ఊసెత్తకుండా
ఈ ఏటి గుంట గురించి రాయలేం, నిజమే.
"కొన్ని మాత్రం నా డప్పే" అని ఒప్పుకుంది.

జాబితా అడుగున, మూడంటే మూడుసార్లు
ఎవరో తలచుకున్న పాత పటం.
బందుర్రియాస్ బాడలో ఎక్కడెంత లోతో చెప్పేది.
అగ్నిమాపక దళం సెర్వాందో మన్సిల్యా
దానికి ప్లాస్టిక్ తొడుగేసి ట్రక్కులో పెట్టుకున్నాడు.
ఆ వేసవి నిప్పు నేల కిందికి దిగి
పొగ మాత్రం పైకి వదిలినప్పుడు
కందకం ఎక్కడ తవ్వాలో అతనికి తెలిసింది.
సెర్వాందో ఎవరినీ ఉదహరించడు,
అతనికి ఫుట్‌నోట్ అంటే ఏమిటో తెలీదు.
ఫారంలో అతనికి గడి లేదు.

గడి లేకపోతే అంచు ఉందిగా, అన్నాను.

రాత్రి ఎనిమిదిన్నరదాకా రాసింది.
పద్నాలుగు. ఏ డేటాబేస్, ఏ తేదీ.
తన డప్పు ఎంతో, అదీ.
నాచు చదివేవాళ్ళంతా ఒక బస్సులో పడతారనీ
చిగుళ్ళవాళ్ళ త్రాసులో తూచొద్దనీ ఒక వాక్యం.
అంచున, ఇరుకిరుకుగా, సెర్వాందో ట్రక్కు.
పదోన్నతి సంగతి మార్చిలో తేలుతుంది,
తేలకపోనూవచ్చు.

సోమవారం ఫోన్ చేసింది.
"కొత్త నియామకాల కమిటీలో నన్నూ వేశారు.
ఒకమ్మాయి దరఖాస్తు మీద ఎవరో
ఎర్ర సిరాతో నాలుగు అని రాసి సున్నా చుట్టారు.
ఆ అమ్మాయి వ్యాసాలు పంపు నోల్బెర్తో."

"అంకె సరిచూడనా?"

"వద్దు. చదువుతాను."

కిటికీ మూసి ప్రింటర్లో కాగితాలు పెట్టాను.